ట్రాక్టర్‌కు నంబరుంది, ట్రాలీకి లేదు: బోధన్ ప్రాంతంలో పొలం బండి పోతే పోలీసులు, ఆర్టీఏ, బీమా ఏం చేస్తాయి?

వరి కోతల రోజుల్లో సాయంత్రం పూట బోధన్, రుద్రూర్, వర్ని, కోటగిరి వైపు వెళ్తే రోడ్డు పక్కన ట్రాలీలు వరుసగా కనిపిస్తాయి. కొన్నింట్లో వడ్ల బస్తాలుంటాయి, కొన్ని ఖాళీ. ఇంజన్ విప్పుకొని రైతు ఇంటికి పోయి ఉంటాడు. చీకటి పడ్డాక ఇంకో ఇంజన్ వచ్చి ట్రాలీని తగిలించుకొని పోతే ఆపేవాళ్లుండరు. చూసినవాళ్లకు అనుమానం కూడా రాదు. ట్రాక్టర్ వెనక ట్రాలీ పోవడంలో వింతేముంది?

ట్రాక్టర్ పోయిందని ఠాణాకు వెళ్తే రిజిస్ట్రేషన్ నంబరు రాసుకుంటారు. ట్రాలీ పోయిందని వెళ్తే మొదట అడిగేది కూడా అదే: నంబరెంత? చాలామంది రైతుల దగ్గర దానికి జవాబు లేదు. నంబరు లేకపోతే పోలీసులు దేని కోసం వెతకాలో స్పష్టంగా రాయలేరు, బీమా సంస్థ దేనికి డబ్బు కట్టాలో ఒప్పుకోదు, దొరికినా అది మీదేనని కోర్టు ముందు చూపడం కష్టం. గొలుసులు, తాళాలు, జీపీఎస్‌ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ గుర్తింపు విషయం తేలాలి.

చెరకు బండ్లు రాత్రిళ్లు బయట ఎందుకుంటున్నాయి?

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. దాని చుట్టూ చెరకు పండింది, చెరకు మోయడానికి ముందు ఎడ్లబండ్లు, తర్వాత ట్రాక్టర్లు పెరిగాయి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లలోనూ లే ఆఫ్ ప్రకటించారు. తిరిగి తెరిపించే మార్గం చూడడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు నేతృత్వంలో కమిటీ వేసింది.

గానుగ ఆగినా ట్రాక్టర్లు ఆగలేదు. చెరకు వదలనివాళ్లు పంటను దూరంలోని ప్రైవేటు ఫ్యాక్టరీలకు తోలుకోవాల్సి వచ్చింది. చాలామంది వరికి మళ్లారు. అంటే ఒకప్పుడు ఊరికి దగ్గర్లోనే తూకం కాంటా దాకా పోయి వచ్చే బండి ఇప్పుడు కల్లం దగ్గర, కొనుగోలు కేంద్రం దగ్గర, రైస్ మిల్లు గేటు ముందు నిలబడుతోంది. కొన్నిసార్లు ఒకే చోట రెండు మూడు రాత్రులు. యజమాని ఒకచోట, డ్రైవర్ ఇంకోచోట, బండి మరోచోట ఉండే పరిస్థితి ఇక్కడి వ్యవసాయం మారిన తీరులోంచే వచ్చింది.

దీనికి భూగోళం కూడా తోడైంది. సాలూర దాటితే మహారాష్ట్రలోని బిలోలి. రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరి వంతెన దాటితే ధర్మాబాద్ వైపు. రాత్రి పదింటికి పోయిన బండి పోలీసులకు కబురు అందేలోపే ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు.

చట్టం దృష్టిలో ట్రాలీ ఏమిటి?

పొలంలో నడిచేదే కదా, దీనికి రిజిస్ట్రేషన్ ఎందుకన్న మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. చట్టం అలా అనదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాక్టర్ మోటారు వాహనమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వ్యవసాయ ట్రాక్టర్‌ను రవాణాయేతర వాహనంగా లెక్కిస్తాయి. అంతవరకే ఆ వెసులుబాటు.

ట్రాలీ దానికి తోక కాదు, చట్టం ప్రకారం అది వేరే వాహనం. మిగతా వాహనాల రిజిస్ట్రేషన్ నియమాలన్నీ ట్రాలీకీ వర్తిస్తాయని చట్టంలోని 61వ సెక్షన్ చెబుతుంది. దాని నంబరు దాని పక్కన కనిపించాలి, లాగే ట్రాక్టర్ నంబరు కూడా ట్రాలీ మీద ఉండాలి.

చిక్కు ఎక్కడంటే, చాలా ట్రాలీలు కంపెనీలో తయారైనవి కావు. పట్టణంలోనో మండల కేంద్రంలోనో వెల్డింగ్ షెడ్డులో చేయించుకున్నవి. రిజిస్ట్రేషన్‌కు వెళ్తే తయారీదారు ధ్రువీకరణ పత్రం అడుగుతారు. షెడ్డువాడు ఇచ్చేది చేతిరాత రసీదు, అది కూడా ఇస్తే. కంపెనీ ట్రాలీ ధర ఎక్కువ, షెడ్డు ట్రాలీ ధర తక్కువ. రైతు ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు. తక్కువ ధరకు కొన్నదానికి పోయిన రోజు మిగతా ధర కట్టాల్సి వస్తుంది.

ఇక్కడ తప్పంతా రైతు మీద వేయడం నాకు సబబనిపించదు. ఈ షెడ్లు దొంగచాటుగా నడిచేవి కావు, రోడ్డు పక్కనే అందరికీ కనిపిస్తూ ఉంటాయి. వాటిని ధ్రువీకరణ పరిధిలోకి తెచ్చే బాధ్యత రవాణా శాఖది. అది జరిగేదాకా రైతు చేయగలిగింది ఒకటుంది: షెడ్డులోనే ఛాసిస్ మీద రెండు మూడు చోట్ల సొంత గుర్తు పంచ్ చేయించుకోవడం. ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరో, మీ ఫోన్ నంబరులో చివరి ఆరు అంకెలో. ఒకటి పైకి కనిపించేచోట, మిగతావి ఇరుసు లోపలి వైపు, తొట్టి అడుగున. పెయింటు చెరిగిపోతుంది, పంచ్ అంత సులభంగా పోదు. గ్రైండర్‌తో చెరిపినా చెరిపిన జాడ మిగులుతుంది. ఆ గుర్తుల్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రసీదు మీద కూడా అదే గుర్తు రాయించండి. ఇది రిజిస్ట్రేషన్ కాదు, దానికి ప్రత్యామ్నాయమూ కాదు. కానీ రేపు పోలీసులకు, ఎల్లుండి కోర్టుకు చూపడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. రోటవేటర్లు, కల్టివేటర్లు, కేజ్ వీల్స్‌కూ ఇదే పని చేయొచ్చు. నిజానికి వీటికి రిజిస్ట్రేషన్ అన్నదే ఉండదు కాబట్టి వాటికి ఇదొక్కటే దారి.

బ్రిటన్ ఇదే సమస్యకు చట్టం చేసింది. అక్కడ పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల క్వాడ్ బైకులు ఎక్కువగా పోతుంటే, 2023లో పార్లమెంటు పరికరాల దొంగతనం నివారణ చట్టం తెచ్చింది. అమ్మేముందే బండికి ఇమ్మొబిలైజర్ ఉండాలి, చెరపలేని గుర్తు వేయాలి, కొన్నవాడి వివరాలు నమోదు చేయాలి అన్నది దాని సారం. బాధ్యత కొనేవాడి నుంచి అమ్మేవాడి మీదికి మారింది. మన దగ్గర కొత్త వాహనాలకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు విషయంలో అలాంటి మార్పే వచ్చింది: 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకు ఆ ప్లేటు డీలరే బిగించి ఇవ్వాలి. షెడ్డు ట్రాలీకి డీలరే లేడు.

తాళం వేస్తే సరిపోతుందా?

కారుకు వేసే తాళం లాంటిది ట్రాక్టర్‌కు ఉండదు. పాత మోడళ్లలో ఒక బండి తాళంచెవి ఇంకో బండికి పడడం రైతులందరికీ తెలిసిందే. మెకానిక్‌లకు ఇంకా బాగా తెలుసు.

బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ పెట్టుకోమని సలహా ఇస్తారు. మంచిదే, కానీ దాని పరిమితి తెలియాలి. పాత పద్ధతి డీజిల్ ఇంజన్ ఒకసారి తిరగడం మొదలైతే నడవడానికి కరెంటు అక్కర్లేదు. వాలులో తోసో, ఇంకో ట్రాక్టర్‌తో లాగించో స్టార్ట్ చేయొచ్చు. కాబట్టి డీజిల్ పైపుకు దాచిపెట్టిన వాల్వు ఉంటే అది ఎక్కువ పని చేస్తుంది. కట్టేస్తే ఇంజన్ స్టార్టయినా కాసేపట్లో ఆగిపోతుంది. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వాటితో పాటు ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థలూ వచ్చాయి. అలాంటి బండి తోస్తే స్టార్టయ్యే రకం కాదు. మన దగ్గర ఎక్కువగా తిరిగేవి అంతకన్నా చిన్నవి.

ట్రాలీకి అసలైన తాళం కొక్కెం దగ్గరుంది. పిన్ను తీసి ఇంటికి తీసుకుపోవడం వల్ల లాభం లేదు, వచ్చేవాడు తన పిన్ను తెచ్చుకుంటాడు. కొక్కెం రంధ్రంలోంచి పోయేలా గట్టి ఇనుప కడ్డీ పెట్టి దానికి తాళం వేయాలి, లేదా చక్రంలోంచి గొలుసు తిప్పి చెట్టుకో స్తంభానికో కట్టాలి. మిల్లు ముందు వరుసలో నాలుగు ట్రాలీలుంటే నాలుగింటినీ ఒకే గొలుసుతో కలిపి కట్టేయొచ్చు. ఖర్చు పంచుకోవచ్చు, కాపలా కూడా.

జీపీఎస్ పరికరం కొన్ని వేల రూపాయల్లో వస్తోంది. ట్రాక్టర్‌కు పెట్టుకోవచ్చు. అయితే అందులో సిమ్ ఉంటుంది, దానికి రీఛార్జ్ కావాలి. పంట లేని నెలల్లో రీఛార్జ్ మర్చిపోతే ఆ పరికరం డ్యాష్‌బోర్డు కింద ఊరికే కూర్చుంటుంది. సొంత బ్యాటరీ ఉన్న రకం తీసుకుంటే దొంగ ట్రాక్టర్ బ్యాటరీ తీసేసినా కొన్ని గంటలు పని చేస్తుంది.

ఠాణాలో ఏ సెక్షన్ రాస్తారన్నది ఎందుకు ముఖ్యం?

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. మామూలు దొంగతనం 303వ సెక్షన్, మూడేళ్ల దాకా శిక్ష. సరకులనో ప్రయాణికులనో మోసే వాహనాన్ని దొంగిలిస్తే 305వ సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. అలాంటి వాహనంలోంచి వస్తువు ఎత్తుకుపోయినా అదే సెక్షన్. వడ్లు, చెరకు మోసే ట్రాలీ సరకు మోసే వాహనమేనని వాదించడానికి మంచి ఆధారముంది.

ఈ తేడా శిక్షతో ఆగదు. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు లేదా అంతకుమించి, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల దాకా ప్రాథమిక విచారణ చేసి ఆ తర్వాత కేసు కట్టే వీలుంది. 303 రాస్తే ఆ 14 రోజుల తలుపు తెరుచుకుంటుంది. 305 రాస్తే తెరుచుకోదు, వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలి. సరిహద్దు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట 14 రోజులంటే బండి రంగు మారి, విడిభాగాలైపోయి, ఇంకొకరి పొలంలో దున్నుతూ ఉండడానికి సరిపోయే సమయం.

బ్యాటరీ దొంగతనాల్లో ఇంకో మెలిక ఉంది. మామూలు దొంగతనంలో పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపయితే పోలీసులు తమంతట తాము కేసు కట్టలేని నేరాల జాబితాలోకి అది పోతుంది. పాత బ్యాటరీ అని ఫిర్యాదులో తోచిన తక్కువ ధర రాస్తే ఎఫ్ఐఆర్ రాకపోవచ్చు. కొన్న బిల్లు జతచేసి నిజమైన విలువ రాయండి.

ఫిర్యాదు ఇచ్చాక చాలామంది రసీదు తీసుకొని వచ్చేస్తారు. పిటిషన్ రసీదు వేరు, ఎఫ్ఐఆర్ వేరు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మిల్లు ఎడపల్లి ఠాణా పరిధిలో, మీ ఊరు రుద్రూర్ పరిధిలో ఉంటే పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఏ ఠాణాలోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. తీసుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపాలి. నిజామాబాద్ కమిషనరేట్ కాబట్టి ఎస్పీ స్థానంలో ఇక్కడ పోలీస్ కమిషనర్. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. కేసు కట్టాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపాలి. ఇది అడిగి తీసుకోవాల్సిన హక్కు, ఎందుకంటే అడగకుండా ఫోన్ వచ్చే అవకాశం తక్కువ.

సరిహద్దు దాటితే?

టీఎస్ 16, 2024 మార్చి తర్వాతవైతే టీజీ 16, ఇంకా పాతవైతే ఏపీ 25 నంబరున్న ట్రాక్టర్ నాందేడ్ జిల్లాలో ఎంహెచ్ 26గా మారాలంటే ఇక్కడి ఆర్టీఏ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అది ఇచ్చేముందు ఆ బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసుల నుంచి రాతపూర్వక నివేదిక తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ చెబుతుంది. కాగితం మీద ఇది గట్టి అడ్డుగోడే. కానీ దొంగ ఆర్టీఏ ఆఫీసు మెట్లెక్కడు. బండిని అలాగే నంబరు లేకుండా పొలంలో వాడతారు, లేదా విప్పి అమ్ముతారు.

ఒక రాష్ట్రం రికార్డు ఇంకో రాష్ట్రంలో వెంటనే కనిపించడం ఇక్కడ కీలకం. తెలంగాణ రవాణా శాఖ ఏళ్ల తరబడి సొంత కంప్యూటర్ వ్యవస్థనే నడిపింది. దేశమంతటా వాడే వాహన్ పోర్టల్‌లో చేరాలన్న నిర్ణయం 2024లో వచ్చింది. పోలీసుల వైపు మాత్రం జాతీయ నేర రికార్డుల బ్యూరో సేవ ఒకటుంది. డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, ఇంజన్, ఛాసిస్ నంబర్లు కొడితే ఆ వాహనం మీద దొంగతనం కేసు నమోదైందో లేదో చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఐదు నిమిషాలు దీనికి కేటాయించాలి. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొంటే 317వ సెక్షన్ కింద అదీ నేరమే. అయితే ఎఫ్ఐఆర్ కట్టి వివరాలు ఎక్కించిన బండే అందులో కనిపిస్తుంది. పిటిషన్ దగ్గరే ఆగిపోయిన బండికి ఆ పోర్టల్ క్లీన్ చిట్ ఇచ్చేస్తుంది.

బీమా: డబ్బు ఎక్కడ ఆగిపోతుంది?

చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమా. అందులో దొంగతనానికి రూపాయి కూడా రాదు. సమగ్ర పాలసీ ఉంటేనే వస్తుంది. అందులోనూ ట్రాలీని విడిగా చూపించి దాని విలువ రాయించి, దానికి ప్రీమియం కట్టి ఉండాలి. మీ పాలసీ కాగితం తీసి ట్రాలీ అన్న మాట ఎక్కడైనా ఉందేమో ఒకసారి చూడండి.

వచ్చే డబ్బు కొన్న ధర కాదు. షోరూం ధరలోంచి బండి వయసును బట్టి తగ్గించిన విలువ. చాలాకాలంగా పాటిస్తున్న లెక్క ప్రకారం మూడేళ్లు దాటి నాలుగో ఏడు నడుస్తుంటే 40 శాతం తగ్గిస్తారు. 8 లక్షల ట్రాక్టర్‌కు 4 లక్షల 80 వేలు. అప్పటికి బ్యాంకు లోను 5 లక్షలు మిగిలి ఉంటే ఆ చెక్కు బ్యాంకుకే పోతుంది, పైన రైతు ఇంకో 20 వేలు బాకీ. బండి లేదు, పంటకు దున్నే కిరాయి అదనం. బోధన్ వైపు ట్రాక్టర్ పోవడమంటే ఇదీ.

క్లెయిమ్ తిరస్కరించడానికి బీమా సంస్థలు తరచూ చూపే కారణాల మీద సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. వాటిలో ముఖ్యమైనది ట్రాక్టర్ కేసే. గురుషిందర్ సింగ్ అనే రైతు ట్రాక్టర్ 2010 అక్టోబరు 28న పోయింది. అదే రోజు ఎఫ్ఐఆర్ అయింది. బీమా సంస్థకు మాత్రం నెలన్నరకు పైగా ఆలస్యంగా తెలిపాడు. ఆ ఆలస్యం చూపి సంస్థ కాదంది. 2020 జనవరిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రైతు పక్షాన తీర్పునిచ్చింది. వెంటనే పోలీసులకు చెప్పి ఉంటే, బీమా సంస్థకు చెప్పడంలో ఆలస్యం ఒక్కటే క్లెయిమ్ తోసిపుచ్చడానికి కారణం కాదని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఇద్దరు తెలుగువాళ్లు: జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ సుభాష్ రెడ్డి. ఈ తీర్పు చేతిలో ఉందని ఆలస్యం చేయమని కాదు. పోలీసులకు ఆలస్యంగా చెబితే ఇది మీకు అక్కరకు రాదు.

తాళంచెవి బండిలోనే వదిలేశారన్నది ఇంకో సాకు. 2023లో ఒక లారీ కేసులో సుప్రీంకోర్టు అంతమాత్రాన మొత్తం ఎగ్గొట్టడం కుదరదని 75 శాతం ఇప్పించింది. సొంత వాడకం బండిని కిరాయికి తిప్పారన్న అభ్యంతరం మీద 2008లోనే అలాంటి తీర్పు ఉంది. మంజీర ఇసుకకో, పక్కవాళ్ల చెరకుకో కిరాయికి తోలే ట్రాక్టర్లున్న ప్రాంతంలో ఇది గుర్తుంచుకోదగ్గది.

కానీ ఒకచోట కోర్టు కనికరించలేదు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు 2011 జులై 19న ముగిసిన బొలెరో వాహనం, తొమ్మిది రోజుల తర్వాత జోధ్‌పూర్‌లో రాత్రి పోయింది. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీదకు తేవడమే పాలసీ మౌలిక షరతు ఉల్లంఘన అని 2021 సెప్టెంబరులో తేల్చి క్లెయిమ్ కొట్టేసింది. టీఆర్ నంబరుతోనే నెలలు గడిపే ట్రాక్టర్ యజమానులు మన దగ్గర తక్కువేమీ లేరు. అలాగే సెకండ్ హ్యాండ్ బండి కొని పాలసీ మాత్రం పాతవాడి పేరు మీదే వదిలేస్తే దొంగతనం క్లెయిమ్ నిలవదు. 14 రోజుల్లోగా పాలసీ మార్పించుకోవాలి.

తిరస్కరిస్తే ముందు సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల రోజులు చూడాలి. ఆ తర్వాత ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఫీజు లేదు. లేదా రెండేళ్లలోగా నిజామాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్. అక్కడ ఫీజు లెక్క మీరు కట్టిన ప్రీమియం మీద, క్లెయిమ్ మొత్తం మీద కాదు. 5 లక్షల లోపు ప్రీమియానికి ఫీజు లేదు. ట్రాక్టర్ ప్రీమియం దాని దరిదాపులకు కూడా రాదు.

దొరికిన బండి ఇంటికి ఎప్పుడొస్తుంది?

ఠాణా ఆవరణలో తుప్పు పట్టిన బండ్లు అందరం చూశాం. అలా ఉంచకూడదని, బాండు తీసుకొని యజమానికి త్వరగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ దేశాయ్ కేసులోనే చెప్పింది. కొత్త చట్టం గడువులు కూడా పెట్టింది: సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాలు నమోదు చేసి, ఫొటో లేదా వీడియో తీయించాలి. ఆ తర్వాత 30 రోజుల్లో అప్పగింతపై ఉత్తర్వు ఇవ్వాలి. విచారణలో బండికి బదులు ఆ ఫొటోలే సాక్ష్యంగా చెల్లుతాయి.

దీనికోసం మేజిస్ట్రేట్ కోర్టులో తాత్కాలిక అప్పగింత పిటిషన్ వేయాలి. ట్రాక్టర్‌కైతే ఆర్సీ, బీమా, ఆధార్ జతచేస్తే చాలావరకు పని నడుస్తుంది. షెడ్డు ట్రాలీ దగ్గరే మళ్లీ చిక్కు. అదే రంగు, అదే కొలత ట్రాలీ తనదేనని ఇంకొకరు కూడా పిటిషన్ వేస్తే, ఇరుసు లోపల పంచ్ చేసిన ఆరు అంకెలు, వాటి ఫొటో, ఆ అంకెలు రాసిన రసీదు ఎవరి దగ్గరున్నాయో కోర్టు అడుగుతుంది.